పుస్తకం మూసి చెప్పి చూడండి

ఆ మీటింగ్‌లో నన్ను అడిగింది చాలా చిన్న ప్రశ్న. కొత్తగా వచ్చిన మేనేజర్, వయసులో నాకంటే పదేళ్లు చిన్నవాడు, లెక్కల కాగితం ముందు పెట్టుకుని, "మేడమ్, తరుగుదల అని లాభంలోంచి ఇంత తీసేశారు కదా, మరి బ్యాంకులో డబ్బు తగ్గలేదేంటి?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే తెలియక అడిగాడు. పదకొండేళ్లుగా ఏడాది చివర ఆ పద్దు, అంటే యంత్రాల్లాంటి వాటి అరుగుదల కింద చూపించే ఖర్చు, రాస్తున్నది నేనే. నోరు తెరిచాను కానీ మాట రాలేదు. చివరికి "అది రూలండీ, అలాగే చూపించాలి" అన్నాను. ఆయన సరేనని తలూపి తర్వాతి పేజీకి వెళ్లిపోయాడు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి.

పోనీ చదవని మనిషినా అంటే అదీ కాదు. ఆ ఏడాది అప్పటికే ముప్పై ఒక్క పుస్తకాలు పూర్తిచేశాను. డైరీ వెనక పేజీల్లో నంబర్లు వేసి మరీ రాసుకున్నాను. ఆత్మవిశ్వాసం పెంచుకోవడం ఎలాగో చెప్పే పుస్తకాలే వాటిలో ఏడు. తరుగుదల గురించి ఒక అధ్యాయం మొత్తం ఉన్న అకౌంట్ల పుస్తకం కూడా ఉంది, పద్నాలుగో నంబరు.

ఆ రాత్రి ఆ లిస్టు ముందేసుకుని నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను. పుస్తకం తెరవకుండా దాని గురించి రెండు నిమిషాలు మాట్లాడగలిగితే టిక్కు, లేకపోతే లేదు. ముప్పై ఒకటికి నాలుగు టిక్కులు పడ్డాయి. మిగతావాటిలో అట్ట రంగు గుర్తుంది, చదువుతున్నప్పుడు బాగుందనిపించిన సంగతి గుర్తుంది, అంతే. పుస్తకంలో ఉన్న విద్య, పరుల చేతిలో ఉన్న ధనం అవసరానికి అక్కరకు రావని చెప్పే శ్లోకాన్ని చిన్నప్పుడు బట్టీపట్టాను. దాని అర్థం ఆ రాత్రి ఒంటికి తగిలింది.

అది జరిగి ఆరేళ్లయింది. అప్పటినుంచి నేను చదివే తీరు మారింది. ఏం మార్చానో, ఎలా చేస్తానో ఇక్కడ రాస్తున్నాను. పుస్తకాలు చదివితే తెలివి వస్తుంది, ధైర్యం వస్తుంది అని అందరూ అంటారు. చదివినంత మాత్రాన రావు. ఒక పద్ధతిలో చదివితే మాత్రం వస్తాయి, అదీ మెల్లగా.

ముందు ప్రశ్న, తర్వాత పుస్తకం

ఇదివరకు నేను అట్ట చూసి పుస్తకం పట్టుకునేదాన్ని. ఎవరో బాగుందన్నారనో, పేరు బాగుందనో మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు ముందు ఒక చీటీ మీద ఒక ప్రశ్న రాస్తాను. ఆ మీటింగ్ తర్వాత రాసిన మొదటి చీటీ ఇంకా నా దగ్గరే ఉంది: "డబ్బు బయటికి పోకుండా ఖర్చు ఎలా అవుతుంది?" అదే చీటీ బుక్‌మార్క్ కూడా.

ప్రశ్న చిన్నదిగా ఉండాలి. "జ్ఞానం సంపాదించాలి" అనేది ప్రశ్న కాదు. "ఆర్థిక శాస్త్రం నేర్చుకోవాలి" అనేదీ కాదు. "అందరి జీతాలూ పెరిగితే ధరలు కూడా ఎందుకు పెరుగుతాయి?" అన్నది ప్రశ్న. మీ పనిలో, ఇంట్లో, ఎవరితోనో గొడవలో మీరు తడబడిన చోటే అలాంటివి దొరుకుతాయి. ఎక్కడ "అది అంతే" అని తప్పించుకున్నారో గుర్తుతెచ్చుకోండి. నాకైతే మొదటి నెలలోనే పదిహేడు చీటీలు తయారయ్యాయి. కాస్త సిగ్గేసింది కూడా.

నవల చదవడానికి ప్రశ్న అక్కర్లేదు. దాని సంగతి కింద చెప్తాను.

పుస్తకం ఎంచుకునేటప్పుడు పది నిమిషాలు

లైబ్రరీలో గానీ షాపులో గానీ పుస్తకం చేతిలోకి తీసుకోగానే నేను చూసేది ముఖచిత్రం కాదు, టైటిల్ పేజీ వెనకవైపు. మొదట ఎప్పుడు అచ్చయింది, ఇది ఎన్నో ముద్రణ అన్నవి అక్కడుంటాయి. పన్నులు, చట్టాలు, మందులు, కంప్యూటర్ల గురించిన పుస్తకం పదేళ్ల పాతదైతే పక్కన పెట్టేస్తాను. కోపం గురించో మనుషుల మధ్య సంబంధాల గురించో రాసింది వందేళ్ల పాతదైనా నాకు అభ్యంతరం లేదు. తర్వాత విషయసూచిక చదువుతాను. చివర పదసూచిక ఉంటే నా ప్రశ్నకు సంబంధించిన మాట అందులో ఎన్ని పేజీల్లో ఉందో చూస్తాను. ఆఖరున సరిగ్గా మధ్యలో ఒక పేజీ తెరిచి చదువుతాను. మొదటి పేజీని ప్రతి రచయితా ముస్తాబు చేస్తాడు. మధ్య పేజీలోనే అసలు మనిషి కనిపిస్తాడు.

మధ్య పేజీలో సగానికి సగం అర్థం కాకపోతే ఆ పుస్తకం వదిలేసి, అదే విషయం మీద ఇంకా తేలికైనది వెతుకుతాను. పిల్లల పుస్తకమైనా సరే. ఇందులో చిన్నతనమేమీ లేదు. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కథ చూడండి. 1805లో, పద్నాలుగేళ్ల వయసులో, లండన్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే చోట పనికి కుదిరాడు. బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలనే చదివేవాడు. కెమిస్ట్రీలో ఆయనకు దారి చూపించింది పండితులకు రాసిన గ్రంథం కాదు. జేన్ మార్సెట్ అనే రచయిత్రి కొత్తవాళ్ల కోసం, టీచరుకూ ఇద్దరమ్మాయిలకూ మధ్య సంభాషణలా రాసిన పుస్తకం. అందులో చదివిన విషయాలను తన స్తోమతకు తగ్గ చిన్న చిన్న ప్రయోగాలు చేసి సరిచూసుకునేవాడు. అలా మొదలైన మనిషి 1831లో విద్యుదయస్కాంత ప్రేరణ, అంటే అయస్కాంతాన్ని కదిపి తీగలో కరెంటు పుట్టించడం, కనిపెట్టాడు. కరెంటు తయారుచేసే జనరేటర్లు నడిచేది ఆ సూత్రం మీదే.

తేలికైన పుస్తకంతో మొదలుపెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 64 మంది స్కూలు పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన ఒక కథనం ఇచ్చారు. వాళ్లలో కొందరు బాగా చదవగలిగినవాళ్లు, కొందరు చదువులో వెనకబడినవాళ్లు. కొందరికి ఆట తెలుసు, కొందరికి తెలియదు. చదువులో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు. కాబట్టి ఒక పుస్తకం తలకెక్కకపోతే వెంటనే "నాకు బుర్ర లేదు" అనుకోకండి. ఆ ఆట మీకింకా తెలియదు, అంతే. ఒకే విషయం మీద వరసగా మూడు పుస్తకాలు చదివి చూడండి. మొదటిది ఎడ్లబండిలా నడుస్తుంది. మూడోది చదివేటప్పుడు రచయిత ఏం చెప్పబోతున్నాడో ముందే తెలిసిపోతుంటుంది. నాకు చదువులో మొదటిసారి ధైర్యమనేది కలిగింది అలాంటి మూడో పుస్తకం దగ్గరే.

వేగం గురించి టెన్షన్ వద్దు

నిమిషానికి వెయ్యి పదాలు చదవడం నేర్పిస్తామనే క్లాసులో నేనూ ఒకసారి చేరాను. మూడో రోజుకు వేలు పేజీ మీద చకచకా పరుగెత్తేది, తలలోకి ఏమీ వచ్చేది కాదు. ఫీజు వెనక్కి రాలేదు, అది వేరే సంగతి.

చదివేటప్పుడు కన్ను గీత గీసినట్టు సాఫీగా కదలదు. ఒకచోట సుమారు పావు సెకను ఆగి, గెంతి, మళ్లీ ఆగుతుంది. బాగా చదివేవాళ్ల కన్ను కూడా పది పదిహేను శాతం గెంతులు వెనక్కి వేస్తుంది. ఆ వేగం క్లాసులో మాన్పించాలని చూసింది ఈ వెనక్కి చూడటాన్నే. కానీ చదివేసిన మాటలు వెంటనే కనిపించకుండా చేసి, వెనక్కి చూసే వీలు లేకుండా చదివిస్తే అర్థం చేసుకోవడం దెబ్బతిందని 2014లో వచ్చిన ఒక ప్రయోగం చూపించింది. ఇంగ్లీషులో పెద్దవాళ్లు మామూలు విషయాలు మౌనంగా చదివే వేగం నిమిషానికి సగటున 238 పదాలని 2019లో మార్క్ బ్రైస్‌బార్ట్ అనే పరిశోధకుడు చాలా అధ్యయనాలను కలిపి లెక్కగట్టాడు. ఆ అంకె పట్టుకుని తెలుగు చదివేటప్పుడు బెంగపడటం అనవసరం. ఇంగ్లీషులో నాలుగు మాటల్లో చెప్పేది మన భాషలో ఒక్క మాటలో ఇమిడిపోతుంది. "చదవలేకపోతున్నాననుకున్నాను" అన్నది ఎన్ని పదాలని లెక్కపెడతారు?

నేను గడియారం పెట్టి చూసుకుంటే తెలుగు పేజీకి రెండు నిమిషాలు పడుతోంది. రోజుకు పదిహేను నిమిషాలంటే ఏడు పేజీలు. ఏడాదికి రెండున్నర వేల పేజీలు, అంటే మధ్యరకం పుస్తకాలు పది. ఇంతకంటే తొందరపడాల్సిన పని నాకు కనబడలేదు. ఆ పదిహేను నిమిషాలు ఫోన్ వేరే గదిలో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి పక్కన ఉంచుకోవడం నా విషయంలో పనిచేయలేదు.

ఫోన్‌లోనే చదవొచ్చా అని అడుగుతారు. కథలు చదువుకోవచ్చు. సమాచారం, శాస్త్రం, వాదన ఉన్నవైతే కాగితం మేలు. పేపర్నూ స్క్రీన్నూ పోల్చిన 54 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ 2018లో వచ్చింది. సమాచారం ఉన్నవాటిలో కాగితం మీద చదివినవాళ్లకే కాస్త ఎక్కువ అర్థమైంది, ముఖ్యంగా టైము తక్కువున్నప్పుడు. కథల్లో మాత్రం తేడా కనిపించలేదు.

మూయడం

ఈ మొత్తంలో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. మిగతావన్నీ దీనికి తోడు మాత్రమే.

ఒక అధ్యాయం అయ్యాక పుస్తకం మూసేయాలి. వేలు మధ్యలో పెట్టుకుని కాదు, పూర్తిగా మూసి అవతల పెట్టాలి. ఒక తెల్లకాగితం తీసుకుని అయిదు నిమిషాలపాటు గుర్తున్నది రాయాలి. రచయిత వాడిన మాటలు కాదు, మీరు పక్కింటావిడతో మాట్లాడే మాటలు. రెండో నిమిషంలోనే కలం ఆగిపోతుంది. ఆగనివ్వండి. ఆ ఇబ్బందిలోనే పని జరుగుతుంది. అయిదు నిమిషాలయ్యాక పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్ర ఇంకుతో రాయండి. నా మొదటి కాగితం చూస్తే నీలం మూడు లైన్లు, ఎరుపు పేజీ నిండా ఉంటుంది. రక్తం కారినట్టుంది.

ఎందుకింత కష్టం, రెండోసారి చదివితే పోలేదా అని నాకూ అనిపించింది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే సైకాలజిస్టులు విద్యార్థులతో చేసిన ప్రయోగం గురించి తెలుసుకున్నాక ఆ ఆలోచన మానేశాను. ఒక బృందం పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో బృందం ఒక విడత చదివి, తర్వాత మూడు విడతలు చూడకుండా గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగు విడతలు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత తలకిందులైంది. వాళ్లకు గుర్తున్నది సుమారు 40 శాతం, చూడకుండా రాసినవాళ్లకు సుమారు 61 శాతం. నన్ను కదిలించింది ఈ అంకెలు కూడా కాదు. మాకు బాగా గుర్తుంటుందని ముందుగా ఎక్కువ నమ్మకంగా చెప్పింది నాలుగు విడతలు చదివినవాళ్లే. అంటే మళ్లీ మళ్లీ చదివితే తెలివికంటే ముందు తెలిసిందన్న భ్రమ పెరుగుతుంది. నా ముప్పై ఒక్క పుస్తకాల ధైర్యం అచ్చంగా ఆ భ్రమే.

గీతలు గీయడం సంగతి కూడా చెప్పాలి. నా పాత పుస్తకాల్లో కొన్ని పేజీలు పసుపు పూసినట్టుంటాయి. చదువుకునే పద్ధతులు పదింటిని జాన్ డన్‌లోస్కీ అనే సైకాలజిస్టు బృందం 2013లో సమీక్షించింది. హైలైట్ చేయడం, మళ్లీ చదవడం తక్కువ ఉపయోగమున్న వాటిలో పడ్డాయి. తనను తాను పరీక్షించుకోవడం, రోజుల ఎడంతో చదవడం ఎక్కువ ఉపయోగమున్న వాటిలో నిలిచాయి. ఇప్పుడు పేజీకి ఒక్క పెన్సిల్ గీతే గీస్తాను, అదీ నాతో గొడవపడిన వాక్యం కింద.

కాగితం మీద రాశాక దాన్ని మనిషికి చెప్పాలి. నాకు దొరికిన మనిషి మా అబ్బాయి, అప్పుడు తొమ్మిదో తరగతి. ఆ అకౌంట్ల పుస్తకం మళ్లీ చదివి, మూసి, వాడికి చెప్పడం మొదలుపెట్టాను. "ఒక యంత్రం కొన్నాం రా. పదేళ్లు పనిచేస్తుంది. ఖర్చంతా మొదటి ఏడాదిలోనే చూపిస్తే ఆ ఏడాది నష్టం వచ్చినట్టు, మిగతా తొమ్మిదేళ్లూ యంత్రం ఊరికే పనిచేసినట్టు కనిపిస్తుంది. అది నిజం కాదు కదా. అందుకని పదేళ్లకూ పంచుతాం. అదే తరుగుదల." బాగానే చెప్పాననుకున్నాను. వాడు, "సరే అమ్మా, మరి మూడో ఏడాది పంచిన ముక్క ఉంది కదా, ఆ డబ్బు ఎక్కడికి పోయింది?" అన్నాడు.

అదే ప్రశ్న. మేనేజర్ అడిగిందే.

మళ్లీ మాట రాలేదు. పుస్తకం తెరిచాను. అందులో ఉంది. నేను చదివాను కూడా, పక్కన టిక్కు పెట్టుకున్నాను కూడా. మూడో ఏడాది డబ్బు ఎక్కడికీ పోలేదు, అది యంత్రం కొన్న రోజే పోయింది. మూడో ఏడాది మనం చేస్తున్నది ఎప్పుడో పోయిన డబ్బులో ఈ ఏడాది వాటా ఎంతో లెక్కలో ఒప్పుకోవడం మాత్రమే. అందుకే లాభం తగ్గుతుంది, బ్యాంకు నిల్వ తగ్గదు. ఈ మూడు వాక్యాలు నా నోటితో నేను చెప్పగలిగిన రోజున పదకొండేళ్ల ఉద్యోగం మొదటిసారి నాదనిపించింది.

ఇలా తడబడేది నేనొక్కదాన్నే కాదని తర్వాత తెలిసింది. 2002లో లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ అనే పరిశోధకులు విద్యార్థులను జిప్పు, తాళం, కుట్టు మిషన్ లాంటివి ఎలా పనిచేస్తాయో మీకెంత తెలుసు, మార్కులు వేసుకోండి అన్నారు. వేసుకున్నాక, అయితే అంచెలంచెలుగా వివరించి రాయండి అన్నారు. రాసిన తర్వాత మళ్లీ మార్కులు వేసుకోమంటే అవి తగ్గిపోయాయి. రోజూ చూసే వస్తువు తెలిసిన వస్తువనే అనుకుంటాం.

వినే మనిషి లేకపోతే ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. "అంటే… అదన్నమాట… ఒక రకంగా…" అని సాగదీసిన చోట మీకు తెలియదని అర్థం. నా గొంతు నేను వినడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు, అయినా చేస్తాను. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి ఆ కాగితం చూడకుండా మళ్లీ చెప్పుకుంటాను. నెల తర్వాత చెప్పగలిగితే అది పుస్తకంలోంచి నాలోకి వచ్చినట్టు లెక్క.

పుస్తకంతో గొడవ

చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. అది నా విషయంలో ఒకసారి అక్షరాలా జరిగింది. మనిషి తన మెదడులో పది శాతమే వాడతాడని ఒక పుస్తకంలో చదివాను. దాన్ని మూసి చక్కగా చెప్పడం కూడా ప్రాక్టీసు చేశాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ట్రైనింగ్ ఇస్తూ, నిలబడి, ధీమాగా ఆ మాట అన్నాను. వెనక వరసలోంచి ఒకమ్మాయి, "అయితే మిగతా తొంభై శాతంలో ఎక్కడ దెబ్బ తగిలినా ఏమీ కాదా అక్కా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, లోపల మాత్రం భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ పది శాతం మాట ఒట్టి అపోహ. మెదడు స్కాన్లలో నిద్రలో కూడా పనిలేకుండా పడి ఉన్న తొంభై శాతం భాగం ఎక్కడా కనిపించదు. చాలా చిన్న భాగానికి దెబ్బ తగిలినా మాటో చూపో కదలికో పోవచ్చు.

ఆ రోజు నుంచి పెన్సిల్ గీత పక్కన ఒక చిన్న ప్రశ్న రాస్తున్నాను: "ఈయనకెలా తెలుసు?" చూశాడా, కొలిచాడా, ఎవరో చెప్పగా విన్నాడా, తనకు జరిగిందా? రచయిత సొంత అనుభవం చెప్తే అది ఒక మనిషి అనుభవంగా తీసుకుంటాను. పరిశోధన అంటే ఎంతమంది మీద, ఎప్పుడు, మళ్లీ ఎవరైనా చేసి చూశారా అని వెతుకుతాను. చదవడం గురించి నాకు నచ్చే విషయాలనూ ఇలాగే చూడాల్సి వచ్చింది. సాహిత్య కథలు కాసేపు చదివినా ఎదుటివాళ్ల మనసును గ్రహించే శక్తి పెరుగుతుందని 2013లో ఒక ప్రసిద్ధ పత్రికలో అధ్యయనం వచ్చింది. దాన్ని నేను నలుగురికి చెప్పాను. తర్వాత వేరే బృందాలు అలాంటి ప్రయోగమే చేస్తే ఆ ఫలితం నిలబడలేదు. ఆ నలుగురికీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చెప్పడం అనుకున్నంత కష్టంగా లేదు.

ముఖ్యమైన విషయమైతే ఎదురు వాదన చేసే పుస్తకం కూడా చదువుతాను. రెండో పుస్తకం చదివాక మొదటి రచయిత పక్షాన అయిదు వాక్యాలు, రెండో రచయిత పక్షాన అయిదు వాక్యాలు రాస్తాను. ఇద్దరూ తమ వాక్యాలు చూసి "అవును, నేనన్నది ఇదే" అనేలా ఉండాలి. ఇది చెమటలు పట్టించే పని. నెలకు ఒక్కసారి చేస్తే చాలు.

నవలల గురించి చెప్తానన్నాను. వాటిని ఇలా కోసి పరీక్షించకండి, ప్రాణం పోతుంది. నేను చేసేది ఒక్కటే. పాత్ర పెద్ద నిర్ణయం తీసుకోబోయే చోట పేజీ తిప్పకుండా ఆగి, నేనైతే ఏం చేసేదాన్నో, ఎందుకో అంచున ఒక్క లైను రాస్తాను. పేజీ తిప్పాక ఎక్కువసార్లు నా నిర్ణయమే తొందరపాటుగా తేలుతుంది. ఇంట్లో తగాదా వచ్చినప్పుడు ఆ అంచు రాతలు గుర్తొచ్చి రెండుసార్లు నోరు మూసుకున్నాను. రెండుసార్లేనా అంటే, రెండుసార్లే.

నచ్చని పుస్తకం యాభై పేజీల దగ్గర వదిలేస్తాను. అపరాధభావం ఏమీ లేదు. పూర్తిచేసిన పుస్తకం చివరి పేజీలో తేదీ వేసి, నాలుగు లైన్లలో నా అభిప్రాయం రాస్తాను. ఇది పదహారో శతాబ్దపు ఫ్రెంచి రచయిత మాంటేన్ దగ్గర నేర్చుకున్నది. ఆయనకు మతిమరుపు. చదివేసిన పుస్తకాన్నే కొత్తదనుకుని మళ్లీ పట్టుకునేవాడట. అందుకని పుస్తకం చివర పూర్తిచేసిన తేదీ, తన తీర్పు రాసి పెట్టుకునేవాడు. మతిమరుపు ఉన్నవాడే అంత రాయగలిగాడంటే నాకు కాస్త ఊరట.

నలుగురిలో నోరు తెరవడం

ఏకాంతంలో వచ్చిన ధైర్యం మీటింగ్‌లో దానంతటదే రాదు. మెట్లు కావాలి. మొదట ఒక్కరికి చెప్పండి, మీ మాట మధ్యలో ఆపి అడిగే చనువున్న మనిషికి. తర్వాత ఇద్దరు ముగ్గురు ఉన్నచోట చెప్పకండి, అడగండి. చదివిన మనిషి అడిగే ప్రశ్న వేరేగా ఉంటుంది. "ఇది ఎందుకు?" అనే బదులు "ఈ యంత్రం పదేళ్లే పనిచేస్తుందని ఎవరు నిర్ణయించారు, ఎనిమిదేళ్లకే పాడైతే మిగిలిన రెండేళ్ల వాటా ఏం చేస్తాం?" అని అడగగలుగుతారు. గొంతు పెంచకుండానే అందరూ మీ వైపు తిరుగుతారు. నాకు అలా మొదటిసారి జరిగినప్పుడు వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాను.

ఇంకొక మెట్టు ఉంది, అది నేను ఎక్కడానికి రెండేళ్లు పట్టింది. "దీని గురించి నేను చదివింది ఇక్కడివరకు. దీనికి అవతల నాకు తెలియదు, శుక్రవారంలోపు చూసి చెప్తాను" అనడం. ఇదివరకు తెలియదన్న మాట బయటపెట్టడానికి భయపడి "రూలండీ" అనేదాన్ని. తెలిసిన దానికి అంచు ఎక్కడుందో తెలిశాక ఆ భయం చాలావరకు పోయింది. శుక్రవారంలోపు చెప్పి తీరాలి, అది మాత్రం మర్చిపోకండి. ఒకసారి నేను మర్చిపోయాను, మూడు వారాలపాటు నా మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మేనేజర్ వేరే ఆఫీసుకు మారేముందు ఆయన ప్రశ్నకు జవాబు చెప్పాను, నాలుగేళ్లు ఆలస్యంగా. ఆయనకు అడిగిన సంగతే గుర్తులేదు. విన్నాక ఒక్క క్షణం ఆలోచించి, "మరి భూమికి తరుగుదల ఎందుకు వెయ్యరు మేడమ్?" అన్నాడు. సొంత భూమికి యంత్రంలా అరిగిపోవడం, వయసు తీరిపోవడం ఉండదని చెప్పగలిగాను. "గని తవ్వుతుంటే?" అన్నాడు. జేబులోంచి చీటీ తీశాను.

మీరు మొదలుపెట్టడానికి కొత్త పుస్తకం కొనక్కర్లేదు. ఇటీవల పూర్తిచేసిన పుస్తకం ఏదో గుర్తుతెచ్చుకోండి. దాన్ని అలమరలోనే ఉండనిచ్చి, ఒక తెల్లకాగితం, ఒక నీలం పెన్ను, ఒక ఎర్ర పెన్ను తీసుకుని కూర్చోండి. అయిదు నిమిషాలకు అలారం పెట్టండి. రెండో నిమిషంలో కలం ఆగినప్పుడు లేవకండి.